గోరి ఏరిన పత్తి

గోరికి ఆ రోజుల్లో పన్ను నొప్పి రాకపోయి ఉంటే ఈ కథే లేదు. అప్పటికి కొడుకు కోటేష్ చంటివాడు. దవడ వాచి, కూర్చోలేక, పడుకోలేక గోరి ఇంటి చుట్టూ తిరుగుతుంటే అత్త చూసి చూసి తన నోట్లో చుట్ట తీసి చేతికిచ్చింది. "పొగ ఆ పన్ను కాడ ఆపు. పురుగు చస్తది" అంది. పురుగు చచ్చిందో లేదో ఎవరూ చూడలేదు గానీ నొప్పి మాత్రం మొద్దుబారింది. ఆ పన్ను తర్వాత ఊడిపోయింది. దాని పక్కనున్నవీ ఊడాయి. మందు చెప్పిన అత్త కూడా పోయింది. చుట్ట ఒక్కటే మిగిలింది.

చండ్రుగొండ నుంచి వచ్చే రోడ్డు దిగి మట్టిబాట పడితే గోరి వాళ్ల తండా వస్తుంది. ఇళ్ల వెనక పత్తి చేలు, చేల వెనక అడవి. ఆ తండాలో వయసు మళ్లిన ఆడమనిషి చుట్ట తాగడం వింత కాదు. వింతంతా గోరి మొగుడు హీరాలాల్‌ది. జన్మలో బీడీ ముట్టని మనిషి. "మా ఇంట్ల రెండు పొయ్యిలు. ఒకటి వంటది, ఒకటి మా కోటేష్ తల్లిది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తాడు. గోరి ఊరుకునే రకం కాదు. "రెండిట్ల కాడ సలి కాగుకుంట కూసునేటోడివి నువ్వే గద" అంటుంది. అక్కడితో ఆయన నోరు మూతపడుతుంది, మళ్లీ చుట్టం వచ్చేదాకా.

ఆమెకు రెండు విషయాల్లో మహా గర్వం. మొదటిది చుట్ట తాగే తీరు. చాలామంది చుట్ట పొగను నోట్లోనే తిప్పి వదిలేస్తారు. గోరికి అది చూస్తే చులకన. "గది పుక్కిలించుడు. తాగుడంటే కడుపుదాక దిగాలె" అంటుంది. ఆమె ఒక దమ్ము లాగి, కోడలికి పని చెప్పి, మేకను అదిలించి, అప్పుడు తీరిగ్గా వదిలేది. పొగ ఎప్పుడు బయటికొస్తుందా అని చిన్నపిల్లలు ఎదురుగా కూర్చుని చూసేవాళ్లు.

రెండోది పత్తి. కార్తీకం వచ్చేసరికి వాళ్ల ముందుగది కిటికీ దాకా పత్తితో నిండిపోతుంది. అందరూ తీసింది తీసినట్టు మూట కట్టి పంపిస్తే, గోరి మాత్రం కుప్ప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. ఎండుటాకు తునకలు, పుచ్చిన కాయ ముక్కలు, వానకు తడిసి పచ్చబడ్డ గుడ్డి పత్తి, అన్నీ ఏరి మూలకు విసురుతుంది. తప్పును చూసి కళ్లు మూసుకున్నా, చేతులు ఊరుకోవు. ఒకసారి దవాఖానాలో సూది వేసిన చోట నర్సు దూది పెడితే, దాన్ని తీసి వెలుతురుకు పెట్టి చూసి, "మంచి పత్తే" అని మెచ్చుకుని మళ్లీ పెట్టుకుంది. బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లి, చిరిగిన దిండులోంచి పత్తి లాగి ఏరుతూ కూర్చుని, మంగళసూత్రం కట్టే వేళకు లేదు. చుట్టుపక్కల వాళ్లు పత్తి అమ్మే ముందు "దాదీ, ఒక్కసారి చూడు" అని పిలుచుకుపోతారు. హీరాలాల్ ఇంటి పత్తికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదంటే అది గోరి చలవే, ఆ మాట ఆమె ముందు ఒప్పుకుంటే ఆయనకేం పోతుందో తెలియదు.

కోటేష్ పాల్వంచ పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. షిఫ్టులు. కోడలు ద్వాలి తెల్లారితే చేలో ఉంటుంది. అందుకని మనవరాలు జ్యోత్స్న గోరి ఒడిలోనే పెరిగింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. నానమ్మను దాదీ అని పిలుస్తుంది, ఆమె కన్నా జానెడు ఎత్తు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల మంచం గోరి మంచానికి ఆనుకుని ఉండేది. ఈ యేడు వానలు మొదలైనాక ఒక రోజు జ్యోత్స్న తన మంచాన్ని లాక్కెళ్లి అవతలి గోడకు వేసుకుంది. ఎందుకని గోరి అడగలేదు. పెద్దపిల్లయింది, చదువుకుంటుంది, తన దగ్గర చుట్ట కంపు కొడుతుంది కాబోలు అనుకుంది. అనుకున్నదే గానీ ఆ ఖాళీ జాగా మీద కాలు పెట్టి నడిచినప్పుడల్లా ఆమె మనసు చివుక్కుమనేది.

ఆ చలికాలమే జ్యోత్స్న వాళ్ల బడి నుంచి మండలం సైన్స్ మేళాకు ఒక్క ప్రాజెక్టు ఎంపికైంది. అది జ్యోత్స్నది. సైన్స్ చెప్పే హేమలత మేడం నలుగురిలో నిలబెట్టి ఆ మాట చెప్పిందట. తండా నుంచి ఇంతకుముందు ఎవరూ మేళాకు పోలేదు. అక్కడ నెగ్గితే పాల్వంచలో జిల్లా మేళా. పిల్లకు అన్నం సయించడం లేదు.

"ఏం ప్రాజెక్టు బేటీ?" అని గోరి అడిగింది.

"ఊపిరిది దాదీ" అంది జ్యోత్స్న, తల తిప్పుకుని.

ఊపిరిది అంటే ఏమిటో గోరికి అర్థం కాలేదు. పిల్ల ఇంకో మాట చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణముంది, అది తర్వాత తెలుస్తుంది. అప్పుడే చెప్పేసి ఉంటే ఆ పెద్దావిడ చేతులు కాస్త అదుపులో ఉండేవి.

మేళాకు ముందురోజు సాయంత్రం జ్యోత్స్న ఆ ప్రాజెక్టును బడి నుంచి ఇంటికి తెచ్చుకుంది. ఒక చెక్క పలక, దాని మీద బిగించిన, లోపలిది కనబడే రెండు ప్లాస్టిక్ సీసాలు, వాటికి సన్నటి గొట్టాలు. చున్నీ కప్పి, చుట్టిన చార్టు పక్కన పెట్టి, ముందుగది కిటికీ గూట్లో ఎవరి చేయీ తగలకుండా ఉంచింది. ఎవరి చేయీ అంటే మేక నోరు కూడా అని హీరాలాల్‌కు ప్రత్యేకంగా చెప్పింది. దాదికి చెప్పాలని తోచలేదు.

తెల్లవారుజామున గోరి లేచి పొయ్యి వెలిగించి, నిప్పుకణికతో మొదటి చుట్ట ముట్టించుకుంది. నీళ్లు కాగేలోపు ముందుగదిలోకి వచ్చింది. చున్నీ జారి ఉంది. చూడకూడదనుకుంటూనే చూసింది. ఒక సీసాలో తెల్లటి పత్తి, కడిగిన ముత్యంలా ఉంది. రెండో సీసా చూసేసరికి గోరి గుండె గుభేలుమంది. దాని నిండా బెల్లంపాకం ఒలికినట్టు ముదురు పసుపు, మధ్య మధ్య గోధుమరంగు మరకలు. పైగా గొట్టంలో ఎవడో తాగి పారేసిన బీడీ ముక్క ఇరుక్కుని ఉంది.

'అయ్యో నా తల్లీ' అనుకుంది. పిల్ల తొందరలో మూలన పారేసిన గుడ్డి పత్తిలోంచి తీసి కూరి ఉంటుంది. ఇవాళ సార్లు, మేడంలు పదిమంది కూడి చూస్తారు. ఏ ఇంటి పత్తి ఇది అంటే ఏం చెబుతుంది? హీరాలాల్ ఇంటిదని చెబుతుందా?

నోట్లో చుట్ట అలాగే ఉంది. అటూ ఇటూ ఊగుతూ పొగ వదులుతూనే ఉంది. గోరి సీసా మూత తిప్పి, సన్నటి పుల్లతో ఆ పత్తి పీకి పొయ్యిలో పడేసింది. బీడీ ముక్కను బయటికి విసిరింది. సీసా లోపల జిగట పట్టి ఉంది. చింతపండు, బూడిద కలిపి తోమి, వేడి నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచింది. తర్వాత కుప్పలోంచి ఏరి ఏరి, మొదటి తీతలో వచ్చిన పొడుగు పోగు పత్తి తీసి, వేళ్లతో విప్పి, మేఘంలా ఉబ్బించి సీసాలో నింపింది. మొదటి సీసా కంటే ఇదే బాగుంది. అది చిన్నబోకూడదని దాని పత్తీ మార్చేసింది. మళ్లీ చున్నీ కప్పింది. ఎవరికీ చెప్పలేదు. అన్నంలో రాయి ఏరి పారేస్తే ఎవరైనా ఊరంతా చాటింపు వేస్తారా?

కోటేష్‌కు పొద్దుటి షిఫ్టు పడింది. ద్వాలి చేలో ఆ రోజు పత్తి తీసే కూలీలు ఉన్నారు. పిల్ల వెంట పోవడానికి గోరి తప్ప మనిషి లేదు. గోరి తన అద్దాల లంగా, మంచి రవిక తీసి కట్టుకుంది. మెడలో పూసలు సర్దుకుంది.

"దాదీ, ఇయ్యాల చుట్ట తేవొద్దు. మా మేడం ఉంటది" అంది జ్యోత్స్న బయల్దేరేముందు.

"తేను లే" అంది గోరి. అంటూనే నడుముకు దోపుకున్న గుడ్డ సంచిని తడిమి చూసుకుంది. చుట్టా ఉంది, అగ్గిపెట్టే ఉంది. ఒట్టు పెట్టి అబద్ధమాడితే దోషం గానీ ఉత్త అబద్ధానికి అంత దోషం లేదని ఆమె నమ్మకం.

బస్సు కిక్కిరిసి ఉంది. గోరి ఎలాగో సీటు సంపాదించి, పలకను ఒళ్లో పెట్టుకుని, కోడి గుడ్ల మీద పొదిగినట్టు దాని మీదకు వంగి కూర్చుంది. కండక్టర్ వచ్చి ఆధార్ కార్డు చూపమంటే, "నా చేతులు ఖాళీ లేవు బిడ్డా, మనవరాలి కాడ ఉన్నది" అంది. చున్నీ కిందనుంచి ఒక్కసారి తొంగి చూసుకుంది. రెండు సీసాలూ కళకళలాడుతున్నాయి. గోరికి కడుపు నిండినట్టయింది.

చండ్రుగొండలో మేళా జరిగే బడి వరండా అంతా బల్లలు వేశారు. ఒకచోట మట్టి అగ్నిపర్వతం బుసబుస పొంగుతోంది, ఒకచోట అట్టముక్కల గాలిమర తిరుగుతోంది. జ్యోత్స్నకు చివరి బల్ల ఇచ్చారు. చార్టు గోడకు అంటించింది. జడలు సర్దుకుంది. చున్నీ తీసింది.

తీసిన చేయి తీసినట్టే ఆగిపోయింది.

"దాదీ... సీసా... ఎవరు తీసిండ్రు?"

"నేనే బేటీ" అంది గోరి, ముసిముసిగా నవ్వుతూ. "తొందర్ల చూసుకోలే నువ్వు. గుడ్డి పత్తి కూరినవ్. నేను సాఫ్ చేసి మంచిది పెట్టిన. చూడు ఎట్ల మెరుస్తున్నదో."

జ్యోత్స్న ముఖంలో రక్తం లేదు. అరుస్తుందనుకుంది గోరి. అరవలేదు. బల్ల పట్టుకుని కిందికి జారి కూర్చుని వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"అది గుడ్డి పత్తి గాదు దాదీ. అది పొగ. ఆ సీసా అంటే పొగ తాగెటోళ్ల ఊపిరితిత్తి. గొట్టంల బీడీ పెట్టి ముట్టించి, సీసా నొక్కుకుంట వదులుకుంట పొగ లోపటికి గుంజితే పత్తి అట్ల అయింది. మా మేడం, నేను బడి వెనకాల ఎన్ని బీడీలు కాల్చి చేసినమో. నా ప్రాజెక్టే అది. తెల్లదానికీ దానికీ ఫరక్ చూపిచ్చుడే ప్రాజెక్టు. ఇప్పుడు రెండూ తెల్లగనే ఉన్నయ్. ఏం చూపియ్యాలె?"

"నాకెందుకు చెప్పలేదే?"

"నీ మీద చేసిన్నని అనుకుంటవని. నువ్వు బాధపడ్తవని."

గోరి గోడ మీది చార్టు వైపు చూసింది. ఆమెకు అక్షరాలు రావు. కానీ చార్టులో గీసిన మనిషి బొమ్మ, నోట్లో చుట్ట, రొమ్ములో నల్లగా రంగు వేసిన రెండు సంచులు కనబడ్డాయి. బస్సులో అంతసేపూ ఆ చుట్టిన చార్టును చంకలో పెట్టుకుని వచ్చింది తనే.

హేమలత మేడం పరుగున వచ్చింది. గోరి ఆమెకు ఎదురెళ్లింది. "పిల్ల తప్పు లేదు మేడం. నేను చెడగొట్టిన. ఏమన్న అంటే నన్ను అను" అంది. మేడం సీసాలు చూసింది, గోరిని చూసింది, తల పట్టుకుంది. పాపం ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలిసినట్టు లేదు.

"ఇక్కడ బడిలో పొగ పెట్టనివ్వరమ్మా. మళ్లీ చేయడానికి వీల్లేదు. జడ్జీలు అటు చివర నుంచి మొదలుపెట్టారు. జ్యోత్స్నా, లే. ఉన్నది ఉన్నట్టు నోటితో చెబుదాం."

"నోటితోని చెప్తే ఎవరు నమ్ముతరు మేడం" అంది జ్యోత్స్న కళ్లు తుడుచుకుంటూ. అది నిజం. పక్క బల్ల మీద అగ్నిపర్వతం పొంగుతుంటే ఇక్కడ ఉత్త మాటలు ఎవరు వింటారు?

గోరి నడుము సంచిలో చేయి పెట్టింది. చుట్ట బయటికి తీసింది.

"తెచ్చినవా! తేను అన్నవ్ గద!"

"తెచ్చిన. తిట్టేది ఇంటికి పోయి తిట్టు. పత్తి పట్టుకొని రా" అంది గోరి. అప్పటికే గేటు వైపు నడుస్తోంది.

బడి ప్రహరీ దాటి, రోడ్డు దాటి, అవతలి చేను గట్టు మీదకు పోయి నిలబడింది. జ్యోత్స్న, హేమలత మేడం వెనకాలే వచ్చారు. మేడం మాత్రం పిల్లను పొగ తగలకుండా గాలికి ఇటుపక్క నిలబెట్టింది. గోరి సీసాలోంచి తీసిన పత్తిని పలచగా పరిచి, పెదవుల ముందు పట్టుకుంది. చుట్ట వెలిగించింది. ఒక దమ్ము నోట్లోకి తీసుకుని, మింగకుండా, ఉఫ్ అని పత్తిలోకి ఊదింది. చిన్నపిల్లలను ఆడించడానికి ఊదే పొగ అది.

పత్తి తీసి చూస్తే మధ్యలో రూపాయి బిళ్ల అంత మరక. పొయ్యి మీది పాలు మాడితే వచ్చే రంగు.

జ్యోత్స్న ముఖం వికసించింది. "వచ్చింది మేడం! చాలు దాదీ, చాలు, పోదాం పా!"

"ఆగు" అంది గోరి. మనవరాలి నవ్వు చూసేసరికి ఆమెకు పాత పొగరంతా తిరిగొచ్చింది. "ఇది పుక్కిలించిన పొగ. దీనికే గిట్లయితే, నేను అసలు తాగినట్టు తాగి ఊదితే ఎట్లుంటదో చూడు. మసిగిన్నె లెక్క అయితది. మీ సార్లు కండ్లు తెరవాలె."

మేడం వద్దనేలోపే కొత్త పత్తి పరిచింది. కళ్లు మూసుకుని, కడుపుదాకా లాగింది. బిగబట్టింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు బిగబట్టింది, పిల్ల కోసం గనక. అప్పుడు పత్తిలోకి మెల్లగా వదిలింది.

తీసి చూసింది. పత్తి దాదాపు తెల్లగానే ఉంది. ఉందా లేదా అన్నట్టు కాస్త పసుపు, అంతే.

"చుట్ట ఆరినట్టుంది" అంది. చూస్తే చుట్ట ఎర్రగా మండుతోంది. మళ్లీ కడుపుదాకా లాగి, మళ్లీ ఊదింది. మళ్లీ అదే తెలుపు. గోరికి ఉక్రోషం వచ్చింది. రెండు పత్తులనూ పక్కపక్కన అరచేతుల్లో పెట్టుకుంది. రెండు పత్తులు పక్కన పెట్టుకుని చూడటం ఆమెకు పుట్టినప్పటి నుంచి వచ్చిన విద్య. ఎప్పుడూ తెల్లదాని కోసం వెతికే మనిషి, ఈసారి అది తెల్లగా ఉన్నందుకు దాని మీద కోపగించుకుంది.

"చుట్ట అదే. నోరు అదే. పొగ ఇంకా ఎక్కువనే గుంజిన. మరి రంగు ఏడికి పాయె?"

మేడం నేల చూసింది. జ్యోత్స్న దాది ముఖంలోకి చూసి, చప్పున కళ్లు దించుకుంది. గోరి చేయి దానంతటదే పైకి లేచి, మెడలో పూసల కిందికి పోయి, రొమ్ము మీద ఆగింది. ఇక చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

గోరికి భయం వేసింది. పాము మీద కాలు వేసినప్పుడు కూడా అంత భయపడలేదు ఆమె. ఇంట్లో గుడ్డి పత్తి పారేసే మూల గుర్తుకొచ్చింది. ఆ మూలనైతే ద్వాలి రోజూ ఊడుస్తుంది. కోటేష్ చంటివాడుగా ఉన్నప్పటి నుంచి తను లాగి దాచిన మూలను ఎవరు ఊడ్చారు? చుట్టను గట్టు మట్టిలో కుక్కింది. ముక్క మిగిలితే చెవిన పెట్టుకునే అలవాటు. ఈసారి కాలి మడమతో తొక్కింది.

"పోదాం పా. సార్లు వస్తరు" అంది.

జడ్జీగా వచ్చిన బాలకృష్ణ సార్ పాల్వంచ మనిషి. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, దాని కోసం వెతుక్కునే రకం. బల్ల మీద మూడు పత్తులున్నాయి ఇప్పుడు. ఒకటి పొగ తగలనిది, ఒకటి నోట్లోంచి ఊదింది, ఒకటి లోపలికి పీల్చి వదిలింది. జ్యోత్స్న జరిగింది జరిగినట్టు చెప్పింది. మా దాది పత్తి మార్చేసింది సార్ అంటే చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. సార్ మూడో పత్తిని చేతిలోకి తీసుకున్నాడు.

"బాగుందమ్మా. అయితే లోపలికి పీల్చినప్పుడు మరక తక్కువ పడింది కదా. మిగతా మసి ఎక్కడికి పోయినట్టు?"

జ్యోత్స్నకు జవాబు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ వెనకాల దాది నిలబడి ఉంది. నోరు తెరిచింది, మూసింది. సార్ ఎదురుచూశాడు. హేమలత మేడం కొంగు మెలిపెట్టుకుంది. చేతిదాకా వచ్చిన మేళా ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

"నా కాడ ఉన్నది సార్" అంది గోరి వెనక నుంచి. "అదంతా నేనే లోపట దాసుకున్న."

సార్ తలెత్తి ఆమెను చూశాడు. నుదుటి మీది కళ్లజోడు కిందికి దించుకుని మళ్లీ చూశాడు. "ఎప్పటి నుంచమ్మా?" అన్నాడు మెల్లగా.

"పన్ను నొప్పి కాన్నుంచి" అంది గోరి.

పిల్లలు గొల్లున నవ్వారు. సార్ నవ్వాడు. గోరి కూడా నవ్వింది. జ్యోత్స్న ఒక్కతే నవ్వలేదు, వెనక్కి చేయి చాచి దాది చేయి పట్టుకుంది. పట్టుకునే మిగతా ప్రశ్నలకు గడగడా జవాబు చెప్పింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పేర్లు చదివారు. పాల్వంచకు పోయేవాటిలో జ్యోత్స్న ప్రాజెక్టు ఉంది. హేమలత మేడం పిల్లను గట్టిగా హత్తుకుని, ఆ ఊపులో గోరిని కూడా హత్తుకుంది. "జిల్లా మేళాకు కూడా మీరే రావాలమ్మా" అంది. "వస్త మేడం. కానీ మళ్ల ఊది చూపియ్యమంటే మాత్రం చూపియ్య" అంది గోరి.

తిరుగు బస్సులో జనం తక్కువ. జ్యోత్స్న దాది భుజం మీద తల పెట్టుకుంది. ఎన్ని నెలలైందో అలా పెట్టుకుని. గోరి బయట పరిగెడుతున్న చేలను చూస్తూ కూర్చుని, చివరికి ఇన్నాళ్లూ అడగని మాట అడిగింది.

"మంచం ఎందుకు దూరం వేసుకున్నవే? నా కాడ కంపు కొడ్తున్నదా?"

"కంపు కాదు దాదీ." పిల్ల భుజం మీంచి తల ఎత్తలేదు. "పడుకున్నంక నువ్వు దగ్గుతవ్. ఒక్కొక్కసారి దగ్గి దగ్గి ఆగుతవ్. మళ్ల ఊపిరి తీస్తవా లేదా అని ఇనుకుంట ఉంట. నిద్ర రాదు. భయమైతది. అందుకే దూరం పోయిన. ఆ ప్రాజెక్టు కూడ అందుకే చేసిన."

గోరి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమో దుఃఖమో ఆమెకే తెలియలేదు, రెండూ కలిసే ఉంటాయి. కాసేపటికి ముక్కు చీదుకుని అడిగింది.

"లోపటిది ఏరి పారెయ్య వస్తదా?"

"మనం ఏరలేం దాదీ. కానీ కొత్త పొగ పోకపోతే ఊపిరితిత్తులే కొంచెం కొంచెం సాఫ్ చేసుకుంటయట. మేడం చెప్పింది. అంతా మాత్రం పోదట."

"అంతా ఎవరు అడిగిండ్రు? కుప్పంత పత్తి ఒక్కపూటలో ఏరుతమా ఏంది? కూసుంటే అదే తరుగుతది" అంది గోరి.

మానడం మాటలంత తేలిక కాలేదు, ఆ సంగతి దాచాల్సిన పని లేదు. మొదటి వారం ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. గోరి కోళ్లతో పోట్లాడింది, మేకతో పోట్లాడింది, కూరలో ఉప్పు సరిగ్గానే ఉన్నా లేదని ద్వాలితో పోట్లాడింది. ఎండిన ఉసిరిముక్క బుగ్గన పెట్టుకుని కుప్ప ముందు కూర్చుని, మంచి పత్తిని కూడా అనుమానంగా చూసింది. ఒకరోజు పక్కింటి ముసలమ్మ దగ్గర దొంగతనంగా ఒక దమ్ము లాగి, ఇంటికొచ్చి, ఎవరూ అడగకుండానే మనవరాలికి చెప్పేసింది. జ్యోత్స్న తిట్టలేదు. ఇంకో ఉసిరిముక్క చేతిలో పెట్టింది. హీరాలాల్ మాత్రం చలికి ముడుచుకుని కూర్చుని, "రెండో పొయ్యి ఆరినకాన్నుంచి ఇంట్ల సలి వెడ్తున్నది" అన్నాడు. "దుప్పటి కప్పుకో" అంది గోరి. ఆ తర్వాత తనే తెచ్చి కప్పింది.

పాల్వంచ మేళాకు ముందు ఒక సాయంత్రం గోరి వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చుని దగ్గుతోంది. అది ఇంకా తగ్గలేదు. లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. తిరిగి చూస్తే జ్యోత్స్న అవతలి గోడ దగ్గరి మంచాన్ని లాక్కొస్తోంది. తెచ్చి, పాత జాగాలోనే, దాది మంచం వేసేచోటికి ఆనించి వేసింది. దుప్పటి పరిచింది.

"ఇంకా దగ్గుతనే ఉన్న గద బేటీ. నీకు నిద్ర పట్టదు" అంది గోరి.

"పట్టకపోతే పట్టకపాయె" అంది జ్యోత్స్న దిండు సర్దుకుంటూ. "తగ్గిన్నాడు అందరికన్న ముందు నాకే తెలుస్తది."